ఆగని పెట్టె ఊరేగింపు

ఆ పొద్దున ఆకాశం ఏదో చెప్పబోయి మానుకున్నట్టుంది. వాన పడలేదు, ఎండా రాలేదు. మబ్బు మాత్రం కొండ దిగొచ్చి పొగగొట్టాల ఎత్తున నిలబడిపోయింది. త్రెందాఫిల్ గుమ్మంలోంచి దాన్ని కాసేపు చూసి, పడదులే అనుకుని, తోపుడుబండిలో పరుపు పరిచాడు.

"మా తమ్ముడొస్తే బల్ల మీద పడుకోబెడతావు. దానికి పరుపా?" అంది అతని భార్య స్తామెన.

"మీ తమ్ముడు కుదుపుకి ఆగిపోడు గదా."

బ్రెస్తొవో ఊళ్ళో ఇంటర్నెట్ అంటే గ్రంథాలయం అటక మీదున్న ఓ పాత కంప్యూటర్. అందులోంచి బయల్దేరిన తీగలు వాల్‌నట్ చెట్ల మీదుగా, కోళ్ళగూళ్ళ మీదుగా పాకి ఇళ్ళలోకి దూరతాయి. లోపల నడిచేది లైనక్స్ అనే ప్రోగ్రాము. ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు తలో చెయ్యీ వేసి రాసి, ఊరికే పంచిపెట్టింది. వాడుకో, మార్చుకో, ఇంకొకరికియ్యి, చెడితే మాత్రం మా పూచీ లేదు అని ముందే రాసిపెట్టారు. ట్రాక్టర్ల డిపోలో వెల్డింగు చేసి రిటైరైన త్రెందాఫిల్‌కి ఆ మాట నచ్చింది. ముందే చెప్పేవాడితో పేచీ ఉండదు.

పదకొండేళ్ళ కిందట ఆ కంప్యూటర్ పెట్టె మీట తనే నొక్కాడు. మళ్ళీ నొక్కే పని పడలేదు. లైనక్స్ వాళ్ళకి అదో పరువు. పెట్టె ఎన్నాళ్ళుగా ఆగకుండా నడుస్తోందో అదే దాని వయసు, దాని వయసే యజమాని పెద్దరికం. ఒక్క క్షణం ఆగిందా, వయసు సున్నా.

పక్క ఊళ్ళో స్తామెన తమ్ముడు వాంచోకీ ఇలాంటి పెట్టే ఉంది. త్రెందాఫిల్ పెట్టె కన్నా ఒక చలికాలం చిన్నది. పెళ్ళి కానీ, దినం కానీ, పందిని కోసిన విందు కానీ, త్రెందాఫిల్ ఆ చలికాలం సంగతి ఎత్తకుండా బల్ల దగ్గర్నించి లేచిన పాపాన పోలేదు. ఊరంతటికీ మితభాషి. ఆ ఒక్క మాటకే నోరు.

ఇవాళ గ్రంథాలయం పైకప్పు విప్పుతున్నారు. మధ్యాహ్నానికి స్తంభం మీద కరెంటు తీసేస్తారు. ఆలోపు పెట్టె ఊరి దిగువన త్రెందాఫిల్ ఇంటికి చేరాలి. ఆగకుండా చేరాలి.

వీధి తీగలన్నీ పీకేసి, పెట్టెని, కరెంటు లేకున్నా కాసేపు నడిపే యూపీఎస్ బ్యాటరీతో సహా పరుపు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, త్రెందాఫిల్ బండి పట్టుకున్నాడు. అప్పుడే వాంచో కారు వచ్చి ఆగింది. ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని, వాంచో పెట్టె కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర దాని యూపీఎస్.

"దాన్నెందుకు మోసుకొచ్చావు?" అన్నాడు త్రెందాఫిల్.

"మా ఆవిడ ఇల్లు ఊడ్చేటప్పుడు ప్లగ్గులు పీకుద్ది బావా. వదిలి రాలేను."

"నువ్వు రాకపోతే ఏం?"

"సాక్షి ఉండొద్దా? దార్లో ఆపి లేపి, ఆగలేదని నువ్వు చెప్తే ఎవడు నమ్ముతాడు?"

ముందు తోపుడుబండి, వెనక నడక వేగంతో కారు. దుప్పటి కప్పిన బండిని చూసి దారిన పోయేవాళ్ళు టోపీలు తీశారు. ఒక ముసలామె శిలువ గుర్తు వేసుకుని, "ఎవరు పోయారు నాయనా?" అని అడిగింది.

"ఎవరూ పోలేదు. పోకూడదనే ఈ తిప్పలు."

"బతికున్నవాళ్ళ మొహానికి దుప్పటెందుకు కప్పావు?" అని ఆమె తిట్టుకుంటూ పోయింది.

చర్చి మలుపు దగ్గర దుప్పటి కిందినుంచి కూత వినపడింది. త్రెందాఫిల్ యూపీఎస్ అయిపోవస్తోంది. అతను బండి ఆపాడు. మెడ మీద చెమట పట్టింది. ఇల్లింకా సగం దారి.

వాంచో కారు దిగాడు. కాసేపు కూత విన్నాడు. త్రెందాఫిల్ అతని మొహం చూడలేదు. ఇంకో కాసేపు ఊరుకుంటే చాలు, వాంచో పెద్దవాడైపోతాడు. అది ఇద్దరికీ తెలుసు.

"నా దాన్లో ఇంకో సాకెట్ ఉంది," అన్నాడు వాంచో చివరికి.

"నీది కూడా తొందరగా అయిపోద్ది."

"అయితే గబగబా నడువు. శవం పక్కన నిలబడి నేను పొడుగని చెప్పుకోమంటావా?"

త్రెందాఫిల్ యూపీఎస్ ప్లగ్గుని వాంచో యూపీఎస్‌లో గుచ్చారు. అక్కణ్ణించి కారూ బండీ ఒకే తీగతో కలిసి, ఒక పలుపుకి కట్టిన జోడు ఎద్దుల్లా దిగువకి నడిచాయి. వాంచో ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఇంకో చెయ్యి కిటికీలోంచి చాపి తీగని పట్టుకున్నాడు. మిగిలిన దారిలో సగం దాటేసరికి అతని యూపీఎస్ కూడా కూత మొదలెట్టింది. రెండు కూతలకీ వీధిలో కుక్కలు జవాబిచ్చాయి.

త్రెందాఫిల్ పెరట్లో రెండు పెట్టెల్నీ దించి, గోడలోంచి తీగతో వేలాడుతున్న సాకెట్ల పెట్టెలో రెండు ప్లగ్గులూ గుచ్చారు. కూతలు ఆగాయి. రెండు యూపీఎస్‌ల మీదా దీపాలు పచ్చబడ్డాయి. లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. బావా బావమరుదులు నేల మీద చతికిలబడ్డారు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"పదకొండేళ్ళు," అన్నాడు త్రెందాఫిల్.

"మొదలెట్టకు," అన్నాడు వాంచో.

సెప్టెంబరు కదా. స్తామెన పొద్దున్నుంచీ పెరట్లోనే శీతాకాలానికి ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది, కారం లేనివి, అరచేయంత పొడుగువి. కరెంటు కుంపటి ఒకటే అయితే తెమిలేట్టు లేదని, పక్కింటావిణ్ణడిగి రెండోది తెచ్చింది. అదే సాకెట్ల పెట్టెలో గుచ్చింది.

గోడ లోపల టక్కుమంది.

దీపాలు ఆరిపోయాయి. యూపీఎస్‌లు కుయ్యిమనడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాయి. ఫ్యాన్లు నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఆగాయి. ముందు ఏది ఆగిందో ఇద్దరూ చెవి పెట్టి విన్నారు. తేలలేదు.

"స్తామెనా," అన్నాడు త్రెందాఫిల్.

"ఊఁ."

"ఏం చేశావు?"

"మిరపకాయలు," అంది స్తామెన.

ఆమె లోపలికెళ్ళి ఫ్యూజు పైకి లేపి వచ్చింది. కుంపట్లు ఎర్రబడ్డాయి. పెట్టెలు రెండూ నల్లగా, పక్కపక్కనే, పురిటి మంచం మీద కవలల్లా ఉన్నాయి. మీట నొక్కితే చాలు. ఇద్దరూ చెయ్యి చాపారు. ఇద్దరూ ఆగిపోయారు. ముందు నొక్కినవాడి పెట్టె ఇకమీదట పెద్దది.

"నువ్వు నొక్కు బావా. పెద్దోడివి."

"కారులో అతిథిగా వచ్చింది నీది. నువ్వు నొక్కు."

"నేను నొక్కితే రేపు పెళ్ళిళ్ళలో నా మీద దొంగతనం మోపుతావు."

"నేను నొక్కితే, నీ యూపీఎస్ తాగి నీకే ఎగనామం పెట్టానంటావు."

"కలిసి నొక్కుదాం, మూడు అంకెలు లెక్కపెట్టి."

"ఎవరు లెక్కపెడతారు?"

అది కూడా తేలలేదు.

ఈలోగా కంచె దగ్గర ఊరు పోగైంది. అరగంటలో నెట్ వస్తుందన్నాడే త్రెందాఫిల్, పొద్దున్నుంచీ లేదేమని ఒకరు. మనవరాలు వీడియోలో కనపడాల్సిన వేళయిందని ఒకరు. మీట నొక్కడానికేం రోగమని ఒకరు. తను నొక్కుతానని పోస్టుమాస్టరు గేటు తోసుకుని ముందుకొచ్చాడు. ఇద్దరూ లేచి అతనికి అడ్డంగా నిలబడ్డారు, భుజానికి భుజం ఆనించి.

స్తామెన కాలిన మిరపకాయల తొక్క వలిచి, పెద్ద పళ్ళెంలో పరిచి, వెల్లుల్లీ నూనే వేసి బల్ల మీద పెట్టింది. తెల్ల చీజ్ గడ్డ కోసింది. రొట్టె తుంచింది.

"చల్లారిపోతున్నాయి," అంది.

త్రెందాఫిల్ పెట్టెని చూశాడు. వాంచోని చూశాడు. మీటకి దూరంగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. వాంచో కూడా అంతే దూరంగా ఉన్నదాన్ని కొలుచుకుని కూర్చున్నాడు. పోస్టుమాస్టరు టోపీ తీసి బల్ల కొసన చేరాడు. కంచె బయటివాళ్ళు ఒక్కొక్కళ్ళే లోపలికొచ్చి, చోటున్నవాళ్ళు కూర్చుని, లేనివాళ్ళు నిలబడి, రొట్టె అందుకున్నారు.

ఎవరూ మీట జోలికి పోలేదు. మిరపకాయల నూనె మోచేతుల దాకా కారింది. అందరూ తిన్నారు.