బెత్తానికి చాచిన చేయి

మేనమామ పోలికతో పుట్టిన మగబిడ్డ అదృష్టవంతుడని బాలింత పాపక్కను అందరూ మెచ్చుకున్నారు. ఆ పోలిక ముఖంతో ఆగలేదు. పాలపన్ను ఊడిననాడు ఆ బిడ్డ వెంకటరాయప్పకు నెత్తురు కట్టలేదు. ఆ మేనమామ, పాపక్క తమ్ముడు, చిన్ననాడు అట్లాగే నెత్తురు ఆగక పోయాడు. ఇది తల్లుల గుండా వచ్చి మగపిల్లలను పట్టే జబ్బనీ, మందు లేదనీ, ఒంటికి దెబ్బ తగలనీయవద్దనీ ఆసుపత్రి డాక్టరు చెప్పాడు.

మగ్గం గుంటలో దిగగల దేహం కాదు గనుక చదువే వాడికి అన్నం పెట్టాలని తల్లిదండ్రులు నిశ్చయించుకున్నారు. నూలుకు కరువొచ్చిన యుద్ధకాలమది. అయినా తండ్రి సొన్నప్ప రోజూ కొడుకును వీపున మోసి, కబ్బన్‌పేట సందులు దాటించి బడిలో దించేవాడు. పాపక్క బడి అరుగుమీద నూలు కండెలు చుట్టుకుంటూ సాయంత్రందాకా కాపు కూర్చునేది.

ఉపాధ్యాయుడు ఆదినారాయణప్ప క్రూరుడు కాడు, నియమస్థుడు. కొట్టవద్దని ఆమె వేడుకుంటే, ఒకరికి మినహాయింపు ఇస్తే తక్కినవారికి ఏం సమాధానం చెప్పాలని అడిగాడు.

"అట్లయితే వానికి పడే దెబ్బ నాకెయ్యండి అయ్యోరా. ఈ రోగం వానికిచ్చింది నేనే గదా."

అంతదాకా రాదులెమ్మంటూనే ఆయన సరేనని తల ఊపాడు.

ఒకనాడు తరగతి మొత్తం పదమూడో ఎక్కం తప్పింది. పిల్లలందరూ వరుసగా చేతులు చాచారు. వెంకటరాయప్ప వంతు రాగానే బెత్తం ఆగింది. వెనక బెంచీనుంచి ఒకడు మెల్లగా అన్నాడు:

"ఎక్కం నీది, ఏటు మీ యమ్మది."

పాపక్క కండె కింద పెట్టి లోపలికి వచ్చి అరచేయి చాచింది. మాటకు కట్టుబడిన ఆదినారాయణప్ప ఆమె ముఖం చూడకుండా, బెత్తం ఆనీ ఆననట్లు కొట్టాడు. చప్పుడు మాత్రం అందరికీ వినబడింది.

మర్నాడు వెంకటరాయప్ప తండ్రి వీపు ఎక్కలేదు. తల్లిదండ్రులు ఎంత బతిమాలినా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వారం గడిచాక ఆదినారాయణప్ప స్వయంగా ఇంటికి వచ్చి, ఇకమీదట వాడిని ముట్టనని మాట ఇచ్చాడు.

"మీరు ఏస్తారని కాదయ్యోరా వాడు రానిది," అన్నది పాపక్క. "నేను చెయ్యి సాపుతానని. నా బిడ్డనొక్కణ్ణి కొట్టొద్దని అడిగితిని. ఏ బిడ్డనూ కొట్టొద్దని అడగాల్సింది."

ఆయన వెళ్లిపోయాడు. వెంకటరాయప్ప తల్లి పక్కనే కండెలు చుట్టడం నేర్చుకున్నాడు. సొన్నప్ప మాత్రం చాలాకాలం, బడి వేళకు గడప దగ్గర వీపు వంచి, కాసేపు చూసి, మగ్గం దగ్గరికి వెళ్లేవాడు.