పేరు లేనివాళ్ళ జాబితా

భార్య వల్లియమ్మాళ్ పోయిన మూడో నెలలో, ఆమె గొంతు విరుదునగర్‌లో భద్రంగా ఉందని బడిపంతులు దామోదరసామి వాద్యారుకు తెలిసింది. పాత మాటలు పోకూడదని అక్కడి తెలుగిళ్ళ సంగం వాళ్ళు ఊరూరా తిరిగి ముసలివాళ్ళ చేత కతలు చెప్పించి వెబ్‌సైటులో పెట్టారు. ఆమెవి నాలుగున్నాయి. వినాలంటే సభ్యత్వం కావాలి. సభ్యత్వం కుటుంబానికే ఇస్తారు. దరఖాస్తు మీద భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి.

కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కి వెళ్ళి వాద్యారు దరఖాస్తు ఇచ్చాడు. ఒక గడి ఖాళీగా ఉందని అది తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళాడు.

"పేరడగకుండా అందరికీ తెరిచిపెడితే ఏమి, తలైవరే?"

సంగానికి పెద్ద, తలైవర్ చెల్లదురై ఉలిక్కిపడ్డాడు. "పేరూ ఊరూ చెప్పకుండా లోపలికొచ్చేవాణ్ణి ఏమంటారు, వాద్యారే?"

"మా ఇంట్లో ముందు నీళ్ళిచ్చేది. తాగినాకే పేరడిగేది."

"అది మీ ఇల్లు. సంగానికి చట్టం ఉండాది."

మూడు కూటాలు జరిగాయి. చివరికి వెబ్‌సైటును పరీక్షగా తెరవాలనీ, పది దినాలయ్యాక పేరు చెప్పకుండా వచ్చినవాళ్ళ పేర్ల జాబితా సమర్పించాలనీ తీర్మానించారు. సర్వర్ చూసుకునే ఆర్తి ఒక గడిలో టిక్కు పెట్టి సైటు తెరిచింది.

పదకొండో దినం వాద్యారూ వచ్చి వెనక కూర్చున్నాడు.

"నూటపన్నెండు మంది, మామా," అంది ఆర్తి. "పేర్లు లేవు."

"ఎందుకు లేవు?" అన్నాడు చెల్లదురై.

"పేరడగలేదు కదా! ఒక్క ఫోను నుంచి మాత్రం ఒకే కత అరవైమూడు తూర్లు విన్నారు. దినమూ తెల్లారి ఐదున్నరకు మొదలు."

"అదిగో! ఆ దొంగను పట్టండి!"

వాద్యారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది నేనే."

చెల్లదురైకి నిజంగానే జాలి వేసింది. చట్టం పుస్తకం తిరగేశాడు.

"కష్టం, వాద్యారే. మీ పేరిప్పుడు తెలిసిపోయె. ఇంక పేరు లేనివాళ్ళ లెక్కలోకి మీరు రారు. ఆర్తీ, మూసెయ్యి."

"మూసేదానికి తీర్మానం లేదు, మామా. తెరిచేదానికే ఉండాది."

"ఇప్పుడే చేస్తాం. ఎంతమంది ఉండారు?"

లెక్కపెట్టారు. తీర్మానానికి ఏడుగురు కావాలి, ఐదుగురే ఉన్నారు. ఇద్దరు టీకి వెళ్ళారు.

దామోదరసామి చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. టీకొట్టు దగ్గర ఆ ఇద్దరూ గ్లాసులు పెట్టి లేవబోతున్నారు. వాళ్ళను మళ్ళీ కూర్చోబెట్టి, ఇంకో టీ, చెరో రెండు వడలు చెప్పాడు.