ఓనరమ్మ అనుమతి

కారు పంకజాక్షి పేరు మీద ఉంది. ఒక్క కారే కాదు. ట్రాక్టరు, బోరు మోటారు మీటరు, మామిడితోటలో పెద్ద భాగం, అన్నీ ఆమె పేరు మీదే. పెళ్ళయిన కొత్తలో కాణిపాకం దారిలో ఒక జోస్యుడు బాలచంద్ర చెయ్యి చూసి, "నీ పేరున ఏది కొన్నా నిలవదప్పా. పెండ్లాం పేరున కొనుక్కో, కలిసొస్తాది" అన్నాడు. బాలచంద్ర ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. కలిసే వచ్చింది. బంగారుపాళ్యం చుట్టుపక్కల ఆయన తోట కాయంటే మండీలో ముందు దించుకుంటారు.

కారు కొన్నప్పుడు వెనక అద్దం మీద "పంకజాక్షి" అని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఇంట్లో ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలిచింది లేదు. ఆయన "మేయ్" అనేవాడు. ఆమె పలికేది.

కొత్త కారును అలిపిరికి తీసుకుపోయి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, తాళంచెవి ఓనరు చేతికే ఇవ్వాలన్నాడు పూజారి. పంకజాక్షి కొంగు సర్దుకుని రెండు చేతులూ పట్టింది. ఫోటో తీసేదాకా తాళంచెవి ఆమె చేతిలో ఉంది. తర్వాత బాలచంద్ర చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చేసింది. తిరుగు దారిలో వెనక సీట్లో ప్రసాదం సంచుల మధ్య కూర్చుంది. ముందు సీట్లో, తోడొచ్చిన కాయ కొనే మండీ ఆయన కూర్చున్నాడు.

ఆఫీసుల్లో ఆమె పేరు కింద సంతకం కావాల్సి వచ్చేది. ఆడమనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పడమెందుకని బాలచంద్ర ఆ సంతకం తానే నేర్చుకున్నాడు. ఆయన చదివింది మూడో తరగతి. తన పేరు రాయాలంటే ఇప్పటికీ 'ద్ర' దగ్గర పెన్ను ఆగుతుంది. 'పంకజాక్షి' అని రాయడం మాత్రం నీళ్ళలా జారిపోతుంది, చివర 'క్షి' కింద ఒక తోకతో సహా. ఆ తోక ఆమెది కాదు. ఆమె గూడూరు పిల్ల, నిమ్మకాయల మండీ ఇంట్లో పుట్టి పదో తరగతి దాకా చదివింది. ఆమె అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా, తోకలు లేకుండా ఉండేవి.

ఒకసారి తమ్ముడి కూతురి పెళ్ళికని, తన పేరున ఉన్న డబ్బులోంచి కొంచెం తీసుకుందామని ఆమె ఒక్కతే చిత్తూరులో బ్యాంకుకు పోయింది. సంతకం కలవలేదని తిప్పి పంపారు. ఇంటికొచ్చి, వాకిట్లో చెప్పులు విడుస్తూ, "నా సంతకం నాది కాదంట" అంది. బాలచంద్ర పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వి వంటింట్లోకి పోయింది. మళ్ళీ బ్యాంకు మెట్టెక్కలేదు.

ఆమె అడిగింది ఒక్కటే. తిరుపతిలో చుట్టాలు నేపాలుకు పోయొచ్చారు, కారులోనే. "ముక్తినాథుడంట. నూటెనిమిది క్షేత్రాల్లో ఒకటంట. ఆడ గండకి ఏట్లో మునగల్లంట. మన కారు పోతాదా?" అంది.

"కాయ దిగనీ, పోదాం" అన్నాడు బాలచంద్ర.

ఏటేటా కాయ దిగింది.

తోట పూతమీద ఉన్నప్పుడు ఆమెకు జబ్బు ముదిరింది. తిరుపతి ఆసుపత్రిలో, మంచం పక్కన కూతురు జయంతి, కాళ్ళ దగ్గర బాలచంద్ర. పంకజాక్షి మొగుడి వైపు చూడకుండా కూతురితో చెప్పింది. "నన్ను గండకిలో కలపండి. రైల్లో కాదు, బస్సులో కాదు. నా పేరు మీద కారుండాది కదా, దాంట్లో. ఒక్కసారన్నా నేను చెప్పిన చోటికి పోనీ అది."

"అట్లే మే" అన్నాడు బాలచంద్ర. ఆ మాట ఆయన నిజంగానే, మనసులోంచే అన్నాడు.

అస్థికల ముంతను ఇంట్లోకి తేకూడదు. పసుపు గుడ్డ కట్టి తోటలో ఒక చెట్టు కొమ్మకు వేలాడదీశారు. కాయ కోసే కూలోళ్ళు ఆ చెట్టు ఒక్కటి వదిలి మిగతావన్నీ కోశారు. ఈసారి కూడా కాయ దిగాకే బయల్దేరారు.

దారికి కాగితాలు సర్దింది అల్లుడు ధనశేఖర్. చిత్తూరులో కాపురం, కాగితాలంటే సరదా. నీలం ఫైలు ఒకటి కొని, కారు ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ చీటీ, తన లైసెన్సు, అందరి ఓటరు కార్డులు, ఫోటోలు, అన్నింటికీ జెరాక్సులు పెట్టాడు. అత్త ఆధారు, పాను కార్డు జెరాక్సులు పాతవి ఉంటే అవీ పడేశాడు.

"ఆధార్ కంటే ఓటరు కార్డే మేలంట మామా ఆడ. ఒరిజినల్ ఉండల్ల. జెరాక్సు చూపిస్తే మొగాన కొడతారంట."

జయంతి ఆర్‌సీ కార్డు తీసి చూసింది. "నాయనా, కారింకా అమ్మ పేరుమీదే ఉండాది. మార్చలేదా?"

"మార్చేదేంది పాపా. ఆ పేరుతోనే కదా కలిసొచ్చింది."

"మనిషి లేదు కదా."

"పేరుండాది కదా" అన్నాడు బాలచంద్ర.

"దేశం దాటుతాండాము నాయనా. అడిగితే?"

"మన కారు మనం తోలుకుంటే అడిగేదెవరు? శేఖరా, నువ్వు చెప్పప్పా."

ధనశేఖర్ తల గోక్కున్నాడు. "ఈడైతే ఎవరూ అడగలేదు మామా ఇన్నాళ్ళూ" అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

దారి పొడుగునా జయంతి వెనక సీట్లో ముంతను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కారు ఆపినచోటల్లా ముంతను కింద పెట్టకుండా చేతుల్లోనే మోసింది. నాగపూరు దాటాక ఒక హోటల్లో సర్వరు, "తేనెనా అమ్మా?" అని సైగ చేసి అడిగాడు. ధనశేఖర్ నవ్వబోయి పెళ్ళాం మొహం చూసి మానుకున్నాడు. బాలచంద్ర ముందు సీట్లో కూర్చుని రోడ్డు పక్క మామిడితోటలు చూస్తూ, "కొమ్మలు కొట్టడం తెలీదు వీళ్ళకి" అని రెండుసార్లు అన్నాడు.

గోరఖ్‌పూర్ దాటి సరిహద్దు చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇటు లారీలు, అటు లారీలు, మధ్యలో రిక్షాలు. బయటి దేశం కారు నేపాలులోకి పోవాలంటే వాళ్ళ సుంకం ఆఫీసులో చీటీ రాయించుకోవాలి. దాన్ని అక్కడ భన్సారు అంటారు. ముగ్గురూ కిటికీ ముందు నిలబడ్డారు. జయంతి చేతుల్లో ముంత ఉంది.

కిటికీ వెనక ఉన్న అధికారి ఆర్‌సీ కార్డు తీసుకున్నాడు. ఏటేటా ఆయుధపూజకు పెట్టిన గంధం, కుంకుమ దాని మీద పెచ్చు కట్టాయి. "పూజా?" అని నవ్వి, గోటితో గీకాడు. గంధం రాలి, కింద పేరు బయటపడింది. కూడబలుక్కుని చదివాడు. ఈ పేరెవరిది, మీలో ఎవరు అని హిందీలో అడిగాడు.

"మా అత్త సార్" అన్నాడు ధనశేఖర్. ఆయనకు హిందీ కొంచెం వచ్చు.

ఆమె ఎక్కడ?

ధనశేఖర్ మామ మొహం చూశాడు. బాలచంద్ర కిటికీ చువ్వలు చూశాడు. ధనశేఖర్ ఒక్క గుక్కలో, "ఇంట్లో ఉంది సార్, ఒంట్లో బాగలేదు" అన్నాడు.

జయంతికి ఆ మాత్రం హిందీ తెలుసు. చేతుల్లో ముంతను కొంచెం దగ్గరికి తీసుకుంది.

అధికారి కార్డు పక్కన పెట్టాడు. ఓనరు రాకపోతే ఓనరు రాసిచ్చిన అనుమతి ఉత్తరం కావాలన్నాడు, సంతకంతో, ఆమె గుర్తింపు కార్డు జెరాక్సుతో. మర్యాదగానే చెప్పాడు. వెనకవాళ్ళను రమ్మన్నాడు.

ముగ్గురూ కారు దగ్గరికి వచ్చారు. బాలచంద్రకు విషయం అర్థమయ్యేదాకా అల్లుడు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఏమంటాడు? ఎవరి అనుమతి?"

"అత్తది మామా. ఓనరమ్మ అనుమతి కావల్లంట, ఆమె కారు మీరు తీసుకోని పోయేదానికి."

బాలచంద్ర జీవితంలో వినని మాట అది. కాసేపు కారును చూశాడు. బానెట్ మీద ఎండ మండుతోంది.

"పోయినాదని చెప్పుంటే?" అంది జయంతి.

"పోయినోళ్ళ కారు అసలు దాటనీరు జయా. వారసుల కాగితాలు, అఫిడవిట్లు అంటారు. చిత్తూరు పోయి రావల్ల మళ్ళా." ధనశేఖర్ ఫైలులోంచి తెల్లకాగితం తీసి బానెట్ మీద రాయడం మొదలుపెట్టాడు. "ఇదేం పెద్ద పనా. అయిదు నిమిషాలు."

"ఏం రాస్తాండావు?"

"ఇంగ్లీషులో రాస్తాండా. ఈ కారుకు ఓనరైన పంకజాక్షి అను నేను, నా భర్త బాలచంద్ర ఈ కారును నేపాలుకు తీసుకుపోవడానికి సంతోషంగా అనుమతిస్తున్నాను."

"సంతోషంగా అని గూడా రాసినావా?"

"ఫార్మాటు అట్లుంటాదిమే. నేనేమన్నా కథ రాస్తాండానా?"

రాయడం అయ్యాక ధనశేఖర్ పెన్ను మామ చేతిలో పెట్టాడు. "కానీండి మామా. అత్త సంతకం. మీకు తెలీందా?"

బాలచంద్ర పెన్ను తీసుకున్నాడు. కూతురి వైపు చూడలేదు. ముంతను చూశాడు. పసుపు గుడ్డ దారి దుమ్ముతో నల్లబడింది. పెన్ను ఆగుతుందేమో అనుకున్నాడు. ఆగలేదు. దానికే ఆయనకు దిగులేసింది. పం, క, జా, నీళ్ళలా జారాయి. 'క్షి' కింద తోక దానంతట అదే వచ్చింది.

మళ్ళీ కిటికీ దగ్గరికి పోయారు. అధికారి ఉత్తరం చదివాడు. పాను కార్డు జెరాక్సు పక్కన పెట్టి, తోకను తోకతో పోల్చి చూశాడు. ఆ కార్డు మీద ఉన్నదీ బాలచంద్ర చేతిదే. "ఠీక్ హై, బిల్కుల్ వహీ" అన్నాడు. చీటీ రాసి, ముద్ర కొట్టి, నవ్వుతూ ఇచ్చాడు. ఆమెకు త్వరగా నయం కావాలని కూడా అన్నాడు.

"చూసినావా" అన్నాడు ధనశేఖర్ కారు తలుపు తీస్తూ. "అచ్చం అదే అన్నాడు. ఎక్కు జయా, పోదాం."

జయంతి ఎక్కలేదు.

"ఎక్కు పాపా. ఎండలో ఏంది" అన్నాడు బాలచంద్ర.

"మీరు పోండి నాయనా. ఆ పక్క నించి బస్సుండాదంట గండకి దాకా. నేను, అమ్మ దాంట్లో వస్తాం."

"అదేంది! అమ్మ కారులోనే అన్నింది కదా. నువ్వుండంగానే కదా అన్నింది. అందుకే కదా ఇంత దూరం."

"అమ్మ ఇంట్లో ఉండాదని చెప్తిరి కదా లోపల. ఇంట్లో ఉండే మనిషి కారులో ఎట్ల వస్తాది? దారిలో ఇంకొకడు అడిగితే ఏం చెప్తారు?"

"అబ్బా జయా, అదేదో చీటీ కోసరం చెప్పిన మాట" అన్నాడు ధనశేఖర్.

"అన్నీ చీటీ కోసరమే కదప్పా మనింట్లో." జయంతి గొంతు పెంచలేదు. తల్లి మాదిరే మాట్లాడుతుంది, ఎదుటి మనిషిని చూడకుండా. "నాయనా, అమ్మ సంతకం ఎట్లుంటాదో నీకు తెలుసునా?"

బాలచంద్ర గుండ్రటి అక్షరాలు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. తోకే కనపడింది.

"అమ్మ నిజంగా రాసిచ్చింటే నేనే ముందు ఎక్కేదాన్ని" అంది జయంతి. "నువ్వు అడిగినా ఇచ్చేది నాయనా. ఒక్కసారన్నా అడిగింటే, అట్లనే ఇచ్చేసేది."

ముంతను చంకలో పొదువుకుని జనంలో నడిచింది. ధనశేఖర్ కొంచెం దూరం వెనకాల పరిగెత్తి, ఓటరు కార్డు ఆమె చేతిలో పెట్టి తిరిగి వచ్చాడు. "మొండిది మామా. కడుపులో కోపం. ఆడ కలుసుకుంటాంలే" అన్నాడు.

కారు సరిహద్దు దాటింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. బాలచంద్ర ముందు సీటు ఎక్కబోయి, ఎక్కకుండా వెనక కూర్చున్నాడు. కాయ సంచులు, ఖాళీ పెరుగన్నం డబ్బా, బట్టల మూటల మధ్య కాళ్ళు ముడుచుకోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి రోడ్డు కనపడదు. ముందు సీటు వీపు ఒక్కటే కనపడుతుంది. ఇన్నేళ్ళూ తెలియలేదు.

కొంత దూరం పోయాక ఇంకో చోట పోలీసు ఆపాడు. ధనశేఖర్ అద్దం దించి ఫైలిచ్చాడు. పోలీసు ఉత్తరం తిప్పి చూసి, వెనక అద్దం మీద పేరు చూసి, ఏదో అడిగాడు. ఆ మాటల్లో బాలచంద్రకు అర్థమైంది ఒక్క పేరే. ధనశేఖర్ 'ఇంట్లో' అని చెప్పబోతుండగా బాలచంద్ర ముందుకు వంగాడు.

"పంకజాక్షి ముందర బస్సులో పోతాండాది" అన్నాడు తెలుగులో.

ఆ పేరుతో ఆమెను గురించి ఆయన మాట్లాడటం ఇదే మొదలు. పోలీసుకు ఏమీ అర్థం కాలేదు. కాగితాలు తిరిగిచ్చి, పొమ్మని చెయ్యి ఊపాడు.

ధనశేఖర్ గేరు వేశాడు. ముందర రోడ్డు మీద బస్సేదీ లేదు.