చూసినవాళ్లు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రేమజ్యోతి కాగితాల్లోని మాటలు పైకే చదువుకుంటోంది. "నా వీడియో నా భర్తే నెట్‌లో పెట్టాడు. తీసెయ్యమని సైటువాళ్లను బతిమాలాను. తీయలేదు సరికదా, దాని పక్కన ప్రకటనలు వేసుకున్నారు."

అశ్లీల వెబ్‌సైట్ల వ్యాపారం మీద హిందీలో తీసిన డాక్యుమెంటరీ అది. అందులో ఒకామె సాక్ష్యానికి తెలుగులో గొంతివ్వాలి. మొహం మసక చేసి పేరు మార్చారు గాని, ఆ కేసు అప్పట్లో టీవీల్లో మోగిపోయింది.

"గసొంటి మాటలు వంటింట్ల ఏందమ్మా? చర్చిల సంగపోళ్లకు తెలిస్తే ఎట్ల?" అంది అత్త విమలమ్మ.

మొయినాబాద్‌లో పొద్దున్నే వంట ముగించి, మెహదీపట్నం బస్సులో నిలబడి వెళ్లి, ఎవరెవరి నవ్వులో ఏడుపులో తన గొంతులోంచి తీసి ఇచ్చి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించినా, ఈ ఇంట్లో అది పని కాదు. "మైకు ముంగట మాట్లాడుడు గూడ ఓ నౌకరేనా?" అంటాడు మొగుడు వరప్రసాద్. సంగం ఏమంటుందోనన్న ఫికర్ అందరికీ ఉంది. ఆమె తిన్నదా లేదా అన్న ఫికరే ఎవరికీ లేదు.

సోఫాలో ఫోను చూస్తున్న వరప్రసాద్ తల ఎత్తకుండానే అన్నాడు: "అంతా నాటకమే. వీడియోల మంచిగ నవ్వుకుంటనే ఉన్నది గద."

ప్రేమజ్యోతి చేతులు ఆగిపోయాయి.

"నేను మాటలే చదివిన. ఆమె నవ్విన సంగతి నీకెట్ల తెలుసు?"

"గ్రూపుల ఎవడో పంపిండు. అందరు చూసిండ్రు. నేనొక్కన్నేనా?"

"మొగోళ్లన్నంక చూస్తరు," అంది విమలమ్మ. "నువ్వు కూర పొయ్యి మీద పెట్టు."

ప్రేమజ్యోతి చిక్కుడుకాయల గిన్నెను అత్త ముందుకు జరిపి, కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. బస్సులో ఆమెకు ఒకటే చికాకు. ఆ వీడియో చూసిన లక్షల మంది ఎక్కడో చీకటి గదుల్లో ఉంటారని ఇన్నాళ్లూ అనుకుంది. వాళ్లలో ఒకడు అన్నం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాడు. ఉప్పు తక్కువైతే మొహం చిట్లిస్తాడు. ఆమె పక్కనే గురక పెడతాడు.

స్టూడియోలో రికార్డింగు చూసే గణేష్ రెండు వాక్యాలకే ఆపాడు.

"అక్కా, గొంతు గట్టిగున్నది. జర ఏడుపు కలుపు. చూసేటోళ్లు కరగాలె."

"వద్దు గణేష్. వాళ్లు ఆమెను ఒకపారి చూసిండ్రు," అంది ప్రేమజ్యోతి. "ఇప్పుడు కరుగుడు గాదు, వాళ్లే తల దించుకోవాలె. పెట్టు రికార్డింగు."