కొలంబస్‌లో మధ్య సీటు

అమ్మవారి ఉత్సవాలకి భీమవరంలో ఎగ్జిబిషన్ పెడతారు. అందులో కొలంబస్ అని ఒక పెద్ద పడవ ఉంటుంది. నీళ్ళలో నడవదు, గాలిలో ఉయ్యాలలా ఊగుతుంది. దాన్ని కనిపెట్టినవాడు దొరికితే తీసుకెళ్ళి మా రొయ్యల చెరువులో ముంచేద్దామని ఉంది. కొబ్బరిచెట్టు వంక తలెత్తి చూసినా కళ్ళు తిరిగే మనిషిని నేను. దాని జోలికి ఎప్పుడూ పోలేదు.

మా ఆవిడ మంజుష మాత్రం ఏటా ఎక్కుతుంది. ఎక్కితే ఎక్కనీ, ఒక్కర్తే ఎక్కదు. పక్కన ప్రవీణ్ ఉండాలి. ప్రవీణ్ ఆవిడ మేనత్త కొడుకు. ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకే ఇంట్లో పెరిగారు. వీళ్ళిద్దరికీ ముడిపెడదామని పెద్దవాళ్ళు అనుకుంటే జాతకాలు కుదరలేదట. ఈ సంగతి ఎవరో పుణ్యాత్ముడు మా పెళ్ళి భోజనాల దగ్గరే నా చెవిన వేశాడు. ఆ రోజు తిన్న పూతరేకు నాకింకా అరగలేదు.

వాళ్ళు పైకెళితే నేను కింద నిలబడతాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగు, ఇద్దరి ఫోన్లు, ఇద్దరి చెప్పులు, సగం కొరికిన ఢిల్లీ అప్పడం, అన్నీ నా చేతుల్లోనే. "ఏంటండి శ్రీనివాసరాజుగారూ, మీరెక్కలేదా?" అని తెలిసినవాళ్ళు అడిగితే నవ్వి ఊరుకోవాలి.

అదీ భరిద్దును. నన్ను కాల్చుకు తినేది ఒక్క మాట. మా రాజుల ఇళ్ళల్లో 'అండి' లేకుండా మాట పూర్తవదు. కుక్కని తోలాలన్నా 'వెళ్ళండి' అంటామని ఊళ్ళోవాళ్ళు వెక్కిరిస్తారు. మంజుష నన్ను తిట్టినా 'మీరు' అనే తిడుతుంది. నేల మీద ఉన్నంతసేపూ ప్రవీణ్‌నీ 'మీరు' అనే అంటుంది. పడవ పైకి లేచిందా, చిన్నప్పటి నోరు బయటికొస్తుంది. "ఒరేయ్ బావా! పట్టుకోరా! చచ్చాన్రోయ్!" అని ఎగ్జిబిషనంతా వినపడేలా అరుస్తుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ 'ఒరేయ్' నాకు ఒక్కసారి కూడా దక్కలేదు. పెళ్ళాం చేత ఒరేయ్ అనిపించుకోవాలని కుళ్ళిపోయే మగాడు జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఈ ఏడు టికెట్ కౌంటర్ దగ్గర ప్రవీణ్ తన చెప్పులు నాకు అందిస్తూ, "అన్నయ్యగారికి చెరువు గట్టే ఎక్కువ ఎత్తండి," అన్నాడు. దానికి మంజుష పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మూడు టికెట్లు తీసుకోండి," అన్నాను.

"మీరా? వద్దండీ, మీకు కళ్ళు తిరుగుతాయి," అంది మంజుష.

"తిరిగితే తిరుగుతాయి."

సామానంతా అప్పడాలమ్మే పాపాయి అనే ఆవిడ బల్ల కింద పెట్టించి, పడవలో చివరి వరసకి నడిచాను. అదే అన్నిటికంటే ఎత్తుకి లేస్తుందట. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోబోతుంటే "ఆగండాగండి" అని మధ్యలో దూరాను. ప్రవీణ్ మొహం చిన్నబోయింది. నా కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

మొదట పడవ మెల్లిగానే ఊగింది. తర్వాత వెనక్కి లేచింది. ఎగ్జిబిషన్ లైట్లన్నీ కాళ్ళ కిందకి పోయాయి. కిందకి జారుతుంటే నా ప్రాణం పైనే ఉండిపోయింది. కళ్ళు మూసుకుని, ఇనప కడ్డీ వదిలేసి, దొరికిన చెయ్యిని రెండు చేతులతో వాటేసుకున్నాను.

"మంజూ! ఆపమనండి! నన్ను వదలకండి!"

"నేను ప్రవీణ్‌నండీ! మీరూ నన్ను వదలకండి అన్నయ్యగారూ, నాకూ భయమే!"

నిజమే, అతనూ కడ్డీ వదిలేసి నన్నే వాటేసుకున్నాడు. అంతలో రెండో పక్కనుంచి చెవులు చిల్లులు పడేలా అరుపు వినిపించింది.

"ఒరేయ్! అటు కాదండీ! నేనిటున్నాను! నా చెయ్యి పట్టుకోండీ!"

ఎవర్ని అందో తేల్చుకోవడానికి ఒక కన్ను తెరిచాను. జుట్టంతా మొహం మీద పడి, చెయ్యి చాచి, నా వైపే చూస్తోంది. ప్రవీణ్‌ని అతని ఖర్మకి వదిలేసి, ఆ చెయ్యి పట్టుకున్నాను.

దిగీ దిగగానే చెప్పులు కూడా లేకుండా ఓ మూలకి పరిగెత్తి కక్కుకున్నాను. మంజుష వీపు నిమిరింది.

"ఎందుకండీ మీకీ పౌరుషాలు? ఇంక ఇంటికెళదాం రండి."

నేల మీదకి వచ్చేశాం కదా, మళ్ళీ 'అండి'. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూతి తుడుచుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళాను.

"మళ్ళీనాండి?" అన్నాడు టికెట్లిచ్చేవాడు, నన్ను ఎగాదిగా చూసి. "మూడేనాండి?"

వెనక్కి తిరిగి చూశాను. పాపాయి బల్ల దగ్గర ప్రవీణ్ చెప్పులు వేసుకుంటున్నాడు.

"రెండు చాలండి," అన్నాను. "ఆయన మా చెప్పులు పట్టుకుని కింద ఉంటారు."