సున్నా నుంచి ఒకటికి

ఆదివారం వచ్చి కుట్టుమిషను తీసుకెళ్ళిపొమ్మని మా అక్క గుండీలుకి చెప్పిందట. ఆ సంగతి నాకు బుధవారం తెలిసింది, అదీ అక్క నోటి ద్వారా కాదు. గుండీలే నా షాపుకొచ్చి, పాడైన ఇస్త్రీపెట్టె బల్లమీద పెట్టి, అసలు విషయం మెల్లగా బయటపెట్టింది.

గుండీలు అక్క దగ్గర పని నేర్చుకున్న మనిషి. చేరిన మొదటి ఏడాదంతా అక్క ఆమె చేత గుండీలు తప్ప ఇంకేమీ కుట్టించలేదు. ఇప్పుడు ఆమెకి సొంత షాపుంది, ఇద్దరు పిల్లలున్నారు, పేరు మాత్రం వదల్లేదు.

"టీచరు ఇస్తానంటే వద్దనలేకపోయానండీ. కానీ ఆ మిషను ముందు నేను కూర్చోలేను. మీరే ఏదో ఒకటి చెయ్యండి," అంది.

నేను చేసేది మోటార్లు చుట్టే పని. కాలిన మోటారు తెస్తే పాత తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాను. ఆ పని నేర్చుకునే రోజుల్లో నాకు తిండీ బట్టా ఆ మిషనే పెట్టింది, అంటే అక్క పెట్టింది. నాలుగు నెలల కిందట పక్షవాతంతో ఆమెకి కుడిపక్క పడిపోయింది. చెయ్యి తిరిగొచ్చింది. మాట కూడా వచ్చింది, మాటలో వెటకారం అయితే అంతకన్నా ముందే వచ్చేసింది. కుడిపాదం మాత్రం రాలేదు. ఎంత గట్టిగా నొక్కుతోందో దానికే తెలియదు.

నొక్కే కొద్దీ వేగం పెరిగే పెడల్ అది. ఏమీ తెలియని పాదం కింద పెడితే మిషను కదలకుండా కూర్చుంటుంది, లేదంటే వెర్రెత్తినట్టు పరిగెడుతుంది. ఎడమకాలికి మార్చి చూశాం. "నలభై ఏళ్ళు పక్కన కూర్చుని తమాషా చూసిన కాలిది. దీనికేం వచ్చు?" అని అక్క పెడల్‌ని అవతలికి తోసేసింది. కొత్తరకం మిషను కొంటానంటే, తన కాలికోసం నన్ను డబ్బు తగలెయ్యొద్దంది. అంతటితో నేనూ ఊరుకున్నాను. ఊరుకున్నందుకు బుధవారం నామీద నాకే ఒళ్ళు మండింది.

ఆ మధ్యాహ్నం కూర్చుని ఆలోచిస్తే దారి కనిపించింది. కాలు చేసేది రెండు పనులు. నడపడం, ఆపడం ఎడమకాలికి వదిలేద్దాం, దానికి మామూలు స్విచ్చు చాలు. వేగం సంగతి చేతికిద్దాం, ఒక నాబ్ తిప్పుకుంటుంది. పారేసిన ఫ్యాన్ రెగ్యులేటర్లు నా దగ్గర డబ్బాడున్నాయి. వాటిలోంచి కావలసినవి ఊడదీశాను. కరెంటు సెకనుకి వందసార్లు లేచి పడుతుంది. లేచిన ప్రతిసారీ ట్రయాక్ అనే చిన్న తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటే, మోటారుకి అందే కరెంటు తగ్గుతుంది. ఒక కెపాసిటర్ నిండేదాకా ఆ తలుపు తెరుచుకోదు. అది ఎంతసేపట్లో నిండాలో నాబ్ చెబుతుంది. ఫ్యాన్ ట్రయాక్ మిషను మోటారుకి చాలదని కొంచెం పెద్దది వేసి, అంతా ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో బిగించాను. గురువారం నా బల్లమీద అలాంటిదే ఇంకో మోటారుకి తగిలించి చూస్తే, గిర్రున తిరిగేది నాబ్ తగ్గించే కొద్దీ మెత్తబడి, చుట్లు లెక్కపెట్టగలిగేంత నెమ్మదించింది. నా అంతటివాడు లేడనుకున్నాను.

శుక్రవారం తీసుకెళ్ళాను.

"సబ్బుపెట్టె కదరా ఇది," అంది అక్క.

"లోపల సబ్బు లేదులే."

తీగలు కలపడానికి మిషను కిందికి వంగితే జేబులోంచి టెస్టర్ జారి నేలమీద పడింది. నా చొక్కాలన్నీ అక్కే కుట్టేది, ఎడమ జేబు పక్కన టెస్టర్ పట్టేంత సన్నజేబు ఇంకోటి లోతుగా వేసేది. అవి చిరిగిపోయాక ఈ మధ్య రెడీమేడ్ చొక్కాలు కొన్నాను. వంగినప్పుడల్లా ఇదే వరస. అక్క నా జేబుకేసి చూసింది.

దళసరి గుడ్డ మడిచి సూది కింద పెట్టింది. ఎడమకాలితో స్విచ్చు నొక్కి నాబ్ తిప్పింది. ఏమీ కాలేదు. ఇంకాస్త తిప్పింది, మోటారు మూలిగింది. మరో వెంట్రుకవాసి తిప్పగానే మిషను ఒక్కసారిగా దూకింది. గుడ్డని లాక్కుపోయింది, సూది విరిగింది.

అక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నాకు భయం వేసింది.

"చాల్లే తమ్ముడూ. ఎల్లుండి గుండీలు వస్తుంది."

"నిదానంగా తిప్పాలి కదక్కా."

"నిదానంగానే తిప్పానురా. సున్నా నుంచి తిప్పాను."

"సున్నా నుంచి ఎవరు తిప్పమన్నారు? ముందు ఫుల్లులో పెట్టి, అక్కణ్ణుంచి తగ్గించుకుంటూ..."

"నేనిప్పుడు ఏది మొదలుపెట్టినా సున్నా నుంచే కదరా," అంది.

నేను పప్పులో కాలేసింది అక్కడే. మోటారు మెకానిక్‌లందరికీ ఉన్న అలవాటు అది. బాగుచేసిన మోటారు ముందు పూర్తి వేగంతో తిప్పి చూస్తాం, తర్వాతే తగ్గిస్తాం. పైనుంచి కిందికి వస్తే నా పెట్టె బుద్ధిగానే ఉంది. కిందనుంచి పైకి వెళ్ళి ఒక్కసారి కూడా చూడలేదు. తలుపు మొదటిసారి తెరుచుకోగానే కెపాసిటర్ సగానికి సగం ఖాళీ అయిపోతుంది, దాంతో లెక్క తప్పి తర్వాతిసారి తలుపు బాగా ముందే తెరుచుకుంటుంది. ఆ దూకుడు అందుకే. ఖాళీ అయినదాన్ని వెంటనే నింపడానికి వెనకాల ఇంకో కెపాసిటర్, ఒక రెసిస్టర్ ఉండాలి. రెండూ కలిపి కప్పు టీ ఖరీదు చెయ్యవు.

ఆ రెండూ వేసి శనివారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఈసారి నాబ్‌కి తోడు ఒక చిన్న మర కూడా పెట్టాను. నాబ్ అట్టడుగున ఉన్నా మిషను ఎంత వేగంతో నడవాలో ఆ మర ఖాయం చేస్తుంది. ఆ వేగం మాత్రం నా బల్ల దగ్గర తేలేది కాదు.

"మొదలు ఎంత వేగం కావాలక్కా నీకు?"

అక్క మొహం తిప్పుకుంది. తర్వాత చూపుడువేలితో బల్లమీద కొట్టడం మొదలుపెట్టింది. టక్. టక్. టక్. నాకు చొక్కా కుట్టడం నేర్పాలని చిన్నప్పుడు ఓసారి ప్రయత్నించి, ఇదే వేగంతో వేలితో కొట్టి చూపించింది. ఇంతలోపు కుట్టొకటి అని. ఆ విద్య నాకు అబ్బలేదు, ఆ చప్పుడు మాత్రం గుర్తుండిపోయింది.

మడిచిన దళసరి గుడ్డమీద మిషను నడుస్తుండగా టెస్టర్ మొనతో మరని కొంచెం కొంచెంగా తిప్పాను. సూది వెనకబడింది, ముందుకొచ్చింది, అక్క వేలితో కలిసింది. రెండు చప్పుళ్ళూ ఒకటయ్యాక అక్క వేలు ఆపింది. సూది ఆగలేదు.

"ఇప్పుడు సున్నా నుంచి తిప్పు," అన్నాను.

తిప్పింది. దూకలేదు. అక్క ఎంతడిగితే అంతే నడిచింది.

నేను బయల్దేరుతుంటే వెనక్కి పిలిచింది. "ఆ చొక్కా విప్పి ఇచ్చి పో. ఇస్త్రీ లేకుండా ఊరేగుతున్నావు."

ఆమె పాత శాలువా కప్పుకుని ఇంటికెళ్ళాను. దారిలో నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు.

ఆదివారం నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు సామాను బండి ఆగి ఉంది. గుండీలు లోపల నిలబడి, మిషను చప్పుడు వింటూ ముక్కు ఎగబీలుస్తోంది. అక్క తలెత్తకుండా కుట్టు పూర్తిచేసి, దారం కత్తిరించి, చొక్కా ఆమె చేతిలో పెట్టింది.

"ఊరికే నిలబడకు. మూడో గుండీ ఊడేట్టుంది, కుట్టిపెట్టు."

"బండివాడు బయట ఉన్నాడు టీచర్."

"పంపించెయ్యి."

గుండీలు గుండీ కుట్టి చొక్కా నాకందించింది. ఎడమ జేబు పక్కన సన్నజేబు ఉంది. ఒక మూల కుట్టు వంకర తిరిగింది. అక్క ఆ మూలనే చూస్తూ, "విప్పి మళ్ళీ కుడతాను, ఇటియ్యి," అంది. నేనివ్వలేదు, తొడుక్కున్నాను. టెస్టర్ జేబులో పెట్టుకున్నాను.

"ఏదీ, వంగు," అంది.

వంగాను. టెస్టర్ పడలేదు. కళ్ళు తుడుచుకునేదాకా నేను మాత్రం పైకి లేవలేదు.