గుసగుసల్లో నల్ల పావురం

‘నల్ల పావురం’ మూడో భాగం ఎవరు తియ్యాలన్నది ఆ ఆదివారం మా ఇంట్లో, భోజనాలయ్యాక తేలిపోవాలి.

మొదటి రెండు భాగాలూ నిర్మించింది మా పెద్దమావయ్యగారు విశ్వనాథరాజు గారు. భీమవరం పక్కన రొయ్యల చెరువులు చేసుకునే మనిషి, ఆ గూఢచారి సినిమాలతో రెండుసార్లు హాళ్లన్నీ నింపేశారు. వాటిని తీసిన డైరెక్టరు హిందీకి వెళ్లిపోయాడు. ఇప్పుడు మద్రాసు డైరెక్టరు ఒకాయన్ని ఖాయం చెయ్యడానికి పెద్దమావయ్యగారు మర్నాడే రైలెక్కుతున్నారు. ఆ రెండు సినిమాలకీ అసిస్టెంటుగా పనిచేసిన మా ఆయన ఉదయభాస్కర్ ఫోను చేసి, “వెళ్లేలోపు నా కథ ఒక్కసారి వినండి పెదనాన్నగారూ” అని బతిమాలారు. సరే, మీ ఇంటికే భోజనానికొస్తానన్నారాయన.

ఇదీ కాకపోతే సినిమాలు మానేసి చెరువులు చూసుకుంటానని మా ఆయన నాకు మాటిచ్చారు. ఆ మాట నేను అడగలేదు. ఇచ్చినప్పుడు ఆయన మొహం చూశాక మాత్రం, ఎలాగైనా ఈ సినిమా రావాలని ఆయనకంటే నాకే ఎక్కువ పట్టుకుంది.

పొద్దున్నే ఆయన వంటింట్లోకి వచ్చి, “అమ్మా, ఇవాళ కాస్త తేలిగ్గా పెట్టండి. పెదనాన్నగారు కథ వినాలి” అన్నారు.

మా అత్తగారు వీరవేణి గారు గరిటె ఎత్తి పట్టుకున్నారు. “మా బావగారికి తేలిగ్గానా? చారన్నం పెట్టి పంపించారని చెప్పుకోరూ ఊళ్లో?”

ఇంకేముంది! రొయ్యల ఇగురు, కోడిపలావు, చేపల పులుసు, గడ్డపెరుగు, పైన పూతరేకులు. పెద్దమావయ్యగారు వద్దని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, అత్తగారు ఆ చేతి పక్కనుంచి వడ్డించారు. ఆయనతో వచ్చిన డిస్ట్రిబ్యూటరు అప్పాజీ గారు బెల్టు వదులు చేసుకున్నారు. నేను ఒకసారి వాళ్ల విస్తళ్లూ, ఒకసారి ఉయ్యాల్లో మా హర్షనీ చూస్తున్నాను. ముందురోజు టీకా వేయించాం, వాడి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

పెద్దమావయ్యగారు హాల్లో పడకకుర్చీలో వాలారు. మా ఇళ్లల్లో పెద్దతరం ఆడవాళ్లు బయటి మగవాళ్లుంటే హాల్లోకి రారు. పెద్దమావయ్యగారితో వచ్చిన పెద్దత్తయ్యగారు సుబ్బాయమ్మ గారు, మా అత్తగారు గుమ్మానికి కట్టిన తెర వెనకే కూర్చున్నారు. ఉయ్యాల కూడా అక్కడే కాబట్టి నేనూ వాళ్ల పక్కనే.

మా ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. “నరసాపురం రేవులో పెళ్లి పడవండి...”

“పడవేంటండీ బాబూ!” అన్నారు అప్పాజీ గారు. “మొన్నటి దాంట్లో హెలికాప్టరు పేల్చాం గదండి! ఫారిన్ లేదా?”

“చెప్పనివ్వండి,” అన్నారు పెద్దమావయ్యగారు కళ్లు మూసుకునే.

పెళ్లికొడుకు సైంటిస్టు. అతన్ని పెళ్లిలోనే ఎత్తుకుపోవాలని శత్రువుల పథకం. అతని బదులు మన గూఢచారి నల్ల పావురం పీటల మీద కూర్చున్నాడు. అడ్డుతెర పట్టారు. మేళం జోరందుకుంది. జీలకర్ర బెల్లం పట్టుకున్న పెళ్లికూతురి చెయ్యి తెర మీదుగా వచ్చింది. గోరింటాకు ఎర్రగా పండిన ఆ చేతి చూపుడువేలికి తుపాకీ నొక్కీ నొక్కీ కాసిన కాయ!

అప్పుడు వినబడింది గురక. పెద్దమావయ్యగారి నోరు తెరుచుకుని ఉంది.

“అయిపోయిందండి. మీ పులుసు కొట్టిన దెబ్బకి రాజుగారు ఔటు,” అని నవ్వారు అప్పాజీ గారు. మా ఆయన నవ్వలేదు. కుర్చీలోంచి లేవబోయారు.

పెద్దత్తయ్యగారు నా భుజం గిల్లారు. “అమ్మాయ్, ఆపేశాడేంటి? ఎవర్తే ఆ పిల్ల?”

నేను తెర పక్కకి లాగి తల బయటపెట్టాను. “పెద్దత్తయ్యగారు అడుగుతున్నారండి. ఆపకండి.”

“ఎవరికి చెప్పను భానూ?”

“మాకు చెప్పండి. కానీ చిన్నగా. బాబు లేస్తాడు.” మధ్యలో నిద్ర లేపితే పెద్దమావయ్యగారు ఎవరి మాటా వినరన్న భయం కూడా ఉంది నాకు.

ఆయన కుర్చీ అంచుకి జరిగి గుసగుసగా అందుకున్నారు. అడ్డుతెర దిగింది. ఒకరి నెత్తిన ఒకరి చెయ్యి. వాళ్లిద్దరికీ తెలిసిపోయింది. చుట్టూ చుట్టాలు, అక్షింతలు. ముందు ఎవరు చెయ్యి తీస్తే వాళ్లు చచ్చినట్టే. ఒకరి రెండో చేతిలో ఏముందో ఇంకొకరికి కనబడదు...

ఆ గొంతుకి తెర వెనక సగం మాటలు అందడం లేదు. అత్తగారు తల బయటపెట్టారు. తర్వాత భుజం. పెద్దత్తయ్యగారు అసలు ఆగలేదు. తెర తోసుకుని హాల్లోకి నడిచి, మా ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నారు. అప్పాజీ గారు కుర్చీ చప్పుడవకుండా ఎత్తి తెచ్చుకుని ఆవిడ పక్కనే వేసుకున్నారు. నేను ఉయ్యాల తాడు పట్టుకుని ఊపడం మర్చిపోయాను.

“తాళి కట్టడానికి రెండు చేతులూ కావాలి గదరా!” అన్నారు పెద్దత్తయ్యగారు, నోటి మీద చెయ్యి వేసుకుని.

“అదేనండి పెద్దమ్మా. పంతులుగారు మంగళసూత్రం అందించారు...”

“సుబ్బాయీ!”

పెద్దమావయ్యగారు లేచి కూర్చున్నారు. హాలు మధ్యలో, డిస్ట్రిబ్యూటరు పక్కన, తలమీద కొంగు జారిపోయిన భార్యని చూస్తున్నారు. “ఏమైంది? ఎవరికేమైంది?”

“ఉష్!” అన్నారావిడ, వెనక్కి తిరక్కుండానే. “తాళి కట్టబోతున్నాడు. మాట్లాడకండి.”

ఆయన మా అందరి మొహాలూ వరసగా చూశారు. అప్పాజీ గారి నోరు కూడా తెరుచుకునే ఉంది.

“నా రెండు సినిమాల కథలూ ఇంట్లోనే చెప్పించాను,” అన్నారు నెమ్మదిగా. “ఈవిడ తెర దాటి రాలేదు. మొన్న శతదినోత్సవానికి స్టేజీ మీదకి నేను పిలిస్తేనే రాలేదు!”

నేను ఉయ్యాల తాడు వదిలేసి గుమ్మంలోకి వచ్చాను.

“అప్పాజీ గారూ, రేపు మద్రాసు ప్రయాణం లేదండి,” అన్నారు. పడకకుర్చీ దిగి భార్య పక్కన కింద కూర్చుని, మా ఆయన వైపు తిరిగారు. “ఊఁ, డైరెక్టరు గారూ, కట్టాడా లేదా?”

మా ఆయన మళ్లీ అందుకున్నారు. నేను తెర మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, ఏడుస్తూ నిలబడిపోయాను. నల్ల పావురం తాళి కట్టాడో లేదో ఆ రోజు నేను వినలేదు.